పూలదండ వేసిన ఇనప్పెట్టె

ఏటీఎంలను గ్యాసు పెట్టి పేల్చేస్తున్నారట, బ్యాంకులు ఏం చెయ్యాలో తోచక తలలు పట్టుకున్నాయట. మొన్న పేపర్లో అది చదివి మా అల్లుడు, "మీరు బ్యాంకులో చేశారు కదా అత్తయ్యగారూ, మీరైతే ఏం చేసేవారు?" అని అడిగాడు. కెమెరాలు పెట్టాలి, సైరన్లు పెట్టాలి, పేల్చగానే నోట్ల మీద రంగు చిమ్మే ఏర్పాటు ఉండాలి. కాదన్నదెవరు? కానీ పేలిన మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చి నిలబడే మనిషికి ఏం చెప్తారు? ఆ మనిషి నాకు ఎదురైంది. ఎనభైల మొదట్లో, నర్సీపట్నంలో, నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని రోజుల్లో.

మా బ్రాంచి ఒక పాత ఇంట్లో అద్దెకుండేది. ముందు హాల్లో ఇంటివాళ్ళ ఇనప్పెట్టె ఒకటి గోడకి ఆనించి ఉండేది. తాతల నాటిది. గుమ్మాలు పెట్టకముందే లోపలికి చేర్చారేమో, బయటికి తియ్యడం ఎవరి తరమూ కాలేదు. అందులో మేం స్టాంపు ప్యాడ్లు, సిరాబుడ్లు, మధ్యాహ్నం తినే క్యారేజీలు పెట్టుకునేవాళ్ళం. బ్యాంకు అసలు సేఫు వెనక గదిలో ఉండేది. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి మేనేజరుగారి దగ్గర, రెండోది క్యాషు చూసే నా దగ్గర. ఇద్దరం కలిస్తేనే అది తెరుచుకుంటుంది. మూడో మనిషికి ఆ గదిలో అడుగుపెట్టే వీల్లేదు.

ఇంటావిడ మాత్రం ప్రతి శుక్రవారం బ్యాంకు తెరిచీ తెరవగానే పసుపూ కుంకుమా బంతిపూల దండా పట్టుకుని దిగిపోయేది. బెంచీల మీద జనం చూస్తుండగానే తన పెట్టెకి బొట్లు పెట్టి, దండ వేసి, హారతిచ్చేది. మేనేజరుగారు ఒకసారి ఆపబోయారు. "గది మీకు అద్దెకిచ్చేం గానీ లక్ష్మిని ఇచ్చీలేదు బాబూ," అంది. ఆ తర్వాత ఆయనే హారతి కళ్ళకద్దుకోవడం నేను చూశాను.

ఒక రాత్రి ఎవరో దొంగలు, క్వారీల్లో బండలు పగలగొట్టే మందు తెచ్చి, సరిగ్గా ఆ పెట్టెనే పేల్చారు.

పొద్దున్న కబురందుకుని నేను పరిగెత్తేసరికి హాలంతా పొగ వాసన. పెట్టె తలుపు ఊడి కిటికీ కింద పడుంది. మా గుమాస్తాగారు దాచుకున్న ఆవకాయ జాడీ బద్దలై గోడంతా ఎర్రగా చిమ్మింది. కానిస్టేబులు నెత్తురనుకుని హడలిపోయాడు. తర్వాత వేలితో తీసి వాసన చూసి, "ఓలమ్మో, ఆవకాయండీ!" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెనక గది తాళం మీద గీత కూడా పడలేదు. వెధవలు ఏ శుక్రవారమో బెంచీ మీద కూర్చుని పూజ చూసి వెళ్ళుంటారు. అంత వైభవం ఉత్త పెట్టెకి జరుగుతుందని ఎవడనుకుంటాడు?

తంటా అంతా ఎక్కడొచ్చిందంటే, ఊరు కూడా అలాగే అనుకుంటోంది. దండేసిన పెట్టె పేలిపోయిందన్న మాట ఇటు రోలుగుంట, అటు కొయ్యూరు దారి దాకా పాకింది. చెరకు ఎరువులకని మా దగ్గర బంగారం తాకట్టు పెట్టిన రైతులంతా రోడ్డు మీద నిండిపోయారు. అసలు సేఫు వేరే ఉందని గుమాస్తాగారు మెట్ల మీద నుంచి గొంతు చించుకుంటే, "బాగానే సెప్తన్నారు కబుర్లు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మేనేజరుగారు విశాఖపట్నం పెద్దాఫీసుకి ట్రంకు కాల్ చేసి వచ్చారు. పై ఆఫీసరు సాయంత్రానికి వస్తాడట, అప్పటిదాకా ఏదీ తెరవకూడదట. మీ దగ్గర భద్రత లేనట్టే ఉంది, జనం కూడా నమ్మకపోతే బంగారం విశాఖపట్నానికి తరలించి బ్రాంచి ఎత్తేద్దాం అన్నాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. బ్రాంచి ఎత్తేస్తే వీళ్ళందరూ మళ్ళీ షావుకారు గుమ్మమే తొక్కాలి. మా అమ్మ గొలుసు అలాగే షావుకారు ఇంటికి వెళ్ళింది, ఇంక తిరిగి రాలేదు. మా అమ్మ బోసి మెడ నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఒక ముసలావిడ కౌంటరు దగ్గరికొచ్చింది. రోలుగుంట వైపు రైతు. చేతి మురుగులు, ఆ బంగారు కడియాలు రెండూ మా దగ్గరే తాకట్టు పెట్టింది. కొంగు ముడిలో డబ్బు కనిపిస్తోంది, విడిపించుకోవడానికే వచ్చింది.

"ఏటమ్మా, నా మురుగులున్నాయా, పోనాయా? ఉన్నమాట సెప్పు."

"ఉన్నాయి మామ్మా."

"అయితే సూపించు. బేగి సూపించు."

నేను మేనేజరుగారి వైపు తిరిగాను. "సార్, తాళంచెవి తియ్యండి."

"పిచ్చా అమ్మా నీకు? తెరవొద్దన్నారు. నీ ఉద్యోగం పర్మనెంటు కూడా కాలేదు."

"పోతే పోనివ్వండి సార్. మీరూ నేనూ ఎంత చెప్పినా వీళ్ళు నమ్మరు, ఈవిడ చెప్తే నమ్ముతారు. తియ్యకపోతే సాయంత్రం ఆఫీసరు గారొచ్చేసరికి ఎత్తెయ్యడానికి బ్రాంచీ మిగలదు."

ఇలా తెరిపించినందుకు తర్వాత నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. అవసరమైతే మళ్ళీ తెరుస్తానని రాసిచ్చాను. ఏం పీకలు కొయ్యలేదు. కిటికీలకి ఊచలు బిగించారు, గంట పెట్టారు, తుపాకీతో ఒక గార్డుని వేశారు, బ్రాంచిని ఉండనిచ్చారు.

ఆ పూట మేనేజరుగారు రోడ్డు మీది జనం వైపు ఒకసారి చూశారు. జేబులోంచి తాళంచెవి తీశారు. మూడో మనిషికి వీల్లేని గదిలోకి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. సేఫు తెరిచి, ఆవిడ సంచీ తీసి, లక్క ముద్ర పగలగొట్టి మురుగులు చేతిలో పెట్టాను. ఆవిడ వాటిని తిప్పి తిప్పి చూసింది, చేతులకి తొడుక్కుంది, మళ్ళీ తీసింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంది.

"ఇయ్యే. నాయే."

నేనే అడిగాను. "విడిపించుకుంటారా మామ్మా?"

"ఇడిపించుకుని ఏటి సేత్తాను? మా ఇంటి తలుపు కుక్క తోసినా తెరుసుకుంటాది," అంటూ మురుగులు నా చేతిలో పెట్టేసింది. "నోపలెట్టీ అమ్మా. తాళం మాత్రం నా ఎదురుగా ఎయ్యి."

వేశాం. ఆవిడ పిడి పట్టుకుని రెండు చేతులా లాగి చూసింది, రాలేదు. అప్పుడు బయటికి వెళ్ళి, మెట్ల మీద నిలబడి, రోడ్డు దాకా వినబడేలా చెప్పింది.

"ఉన్నాయర్రా! నా కళ్ళారా సూసేను, ఆల దగ్గిరే ఉంచీసేను. ఎల్లండి, ఎవల పనికాల్లు ఎల్లండి!"