మణెమ్మ గారి జాడీని ఎవరు కలపాలి?

మణెమ్మ గారు పోయారన్న సంగతి ఈ భవనంలో ఇరవై ఇళ్ళకూ తెలిసిన తర్వాత, అందరికంటే ఆఖరున నాకు తెలిసింది. మేడ మీద ఆమె గదికి సరిగ్గా కింద ఉన్న ఇల్లు నాది. ఆమె రోట్లో కారం దంచితే నా ఇంట్లో గిన్నెలు కదిలేవి. అయినా నాకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. సోమవారం మధ్యాహ్నమే అపార్ట్‌మెంటు వాళ్ళ ఫోన్ గ్రూపులో వార్త పెట్టారట. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారట. ఆ గ్రూపులోంచి నన్ను రెండేళ్ళ కిందట తీసేశారు. ఎందుకు తీసేశారని మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ జవాబు లేదు.

నాకు తెలిసిన తీరు ఇది. ఆదివారం ఆమె, నేను కలిసి ఆవకాయ పెట్టాం. మూడో రోజు జాడీ విప్పి, అడుగు నుంచి పైకి తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె పోయాలి. ఆ పని నాకు అప్పగించారు. మంగళవారం పొద్దున్నే స్నానం చేసి, పొడి తువ్వాలు భుజాన వేసుకుని, చెక్క గరిటె, నూనె సీసా పట్టుకుని మెట్లెక్కాను. మేడ తలుపుకు కొత్త తాళం వేసి ఉంది. కిందికి నాలుగు అంతస్తులు దిగి వాచ్‌మన్ యాదగిరిని అడిగాను. లిఫ్టు పనిచేయడం లేదు. దాని గురించి వేరే ఉత్తరం ఉంది.

"మీకెరుక లేదా సార్?" అన్నాడు యాదగిరి. "మణెమ్మ నిన్న పోయింది. యూసుఫ్‌గూడల చెల్లెలింటికి పోయిందిగా, అన్నం తిని చెయ్యి కడుక్కుంట కుర్చీల కూసున్నదంట. గంతే. లేవలే. పొద్దుగూకక ముందే అంతా అయిపోయింది."

యాదగిరే నా చేతిలోంచి నూనె సీసా తీసుకుని గట్టు మీద పెట్టాడు.

ఆమెను ఎరగనివారి కోసం కొంత చెప్పాలి. మణెమ్మ గారిది మెదక్ వైపు పల్లె. పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టారు. భర్త పోయాక నగరానికి వచ్చి, మధురానగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఏళ్ళు వంట చేశారు. మోకాళ్ళు సహకరించక మానుకున్నాక, మా మేడ మీద ఉన్న ఒంటి గదిలోకి అద్దెకు వచ్చారు. అప్పటికి ఆ మేడ మీద పగిలిన నీళ్ళ ట్యాంకు, ఎవరిదో విరిగిన మంచం తప్ప ఏమీ లేవు. రెండేళ్ళు తిరిగేసరికి పాత పెయింటు డబ్బాల్లో వంకాయ, మిరప, మేం గోంగూర అనే పుంటికూర, తీగల మీద బీర, కాకర, దొండ, చిక్కుడు. కాసినవి అక్కడికక్కడ తిని ఊరుకునే మనిషి కాదు ఆమె. ఎండాకాలమంతా మేడ మీద చీరలు పరిచి గోరుచిక్కుడు, కాకర, వంకాయ ఒరుగులు ఎండబెట్టేవారు. మజ్జిగలో మిరపకాయలు నానేసేవారు. పుంటికూర నూరి జాడీల్లో పెట్టేవారు. కాయల్లో అన్నిటికంటే మంచిదాన్ని కోయకుండా తీగకే వదిలేసి, అది ముదిరి ఎండి గలగలమన్నాక విత్తనం తీసి బూడిదలో కలిపి దాచేవారు.

"మంచి కాయ మనమే తింటే, వచ్చే ఏడు పుచ్చు కాయలే కాస్తయి సారూ" అనేవారు. ఈ మాట మీద నేను చాలాకాలం ఆలోచించాను.

మా పరిచయం తగాదాతో మొదలు కావలసింది. తొమ్మిదేళ్ళ కిందట నా స్నానాల గది పైకప్పు నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. కారణం పైన ఉన్న కుండీలే. లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై మూడేళ్ళు చేసినవాణ్ణి. ఏ విషయమైనా కాగితం మీద పెట్టడం నాకు అలవాటు. మందపాటి బాండు కాగితం మీద అపార్ట్‌మెంటు సంఘానికి ఏడు ఫిర్యాదులు రాశాను. ఎవరూ పలకలేదు. ఏడోది ఇచ్చిన వారానికి తలుపు చప్పుడైంది. తీస్తే మణెమ్మ గారు. కొంగు నడుముకు దోపుకుని, చేతిలో మట్టి.

"సారూ, మీ తానం రూముల సుక్కలు పడుతున్నయంట గదా?"

"ఎవరు చెప్పారండీ మీకు?"

"మీరే చెప్పిండ్రు. కాగితంల సదివిన."

సంగతేమిటంటే, సంఘం గదిలో పేరుకున్న చిత్తు కాగితాలను యాదగిరి ఆమెకు ఇచ్చేవాడు. విత్తనాలు పొట్లాలు కట్టడానికి. నా ఫిర్యాదులు ఆరు ఆమె డబ్బాలో పొట్లాలై ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే పైకి వెళ్ళి చూశాను. 'తమరు తక్షణమే జోక్యం చేసుకోవలసిందిగా' అన్న వాక్యంలో ఆనప గింజలున్నాయి.

"ఇది నా ఉత్తరమండీ! సంతకం చేసిన ఉత్తరం!"

"గరం కాకుండ్రి సారూ. అమీర్‌పేటల కోచింగోళ్ళు పంచే కాగితాలున్నయి గదా, మస్తు పలచన. చీమలు తొలుసుకొని పోతయి. మీ కాగితం గట్టిది. మీ కాగితంల పెట్టిన ఇత్తు ఒక్కటి సుత చెడలే."

ఆ వారంలోనే డబ్బాల కింద ఇటుకలు పేర్చి, నీళ్ళు పోవడానికి పాత పైపును నిలువునా కోసి కాలువలా అమర్చారు. నా పైకప్పు ఆరిపోయింది. మళ్ళీ ఒక్క చుక్క పడలేదు. నా జీవితంలో నేను రాసిన ఫిర్యాదులకు లెక్కలేదు. చదివి, వచ్చి, సరిచేసి, సరయిందా అని మళ్ళీ అడిగి వెళ్ళిన మనిషి ఆమె ఒక్కరే.

ఆదివారాల్లో హాస్టలు పిల్లలు వచ్చేవారు. కోచింగ్ సెంటర్ల నుంచి కళ్ళు వాచిపోయి వచ్చే పిల్లలు. ఒరుగులు ఎట్లా ఎండబెట్టాలో, జాడీ మూతికి వాసెన గుడ్డ ఎట్లా కట్టాలో, ఉన్న ఒక్క బక్కెట్లో కొత్తిమీర ఎట్లా పెంచాలో నేర్పేవారు. నేర్పుతున్నంతసేపూ తిట్లే. "తడి చెయ్యి పెట్టినోళ్ళు నాకు దుష్మన్లు. చెయ్యి చూపెట్టు. తుడుసుకున్నవా? అబద్ధం. మల్ల తుడుసుకో." ఒకమ్మాయి, ఇవన్నీ దుకాణంలో దొరుకుతాయి కదా అమ్మా, ఎందుకింత శ్రమ అంది. మణెమ్మ గారు నవ్వి, "దుకాణం బంద్ అయిన దినం నువ్వేం జేస్తవో నాకు చెప్పు బిడ్డా, గప్పుడు నేను సుత మానేస్త" అన్నారు.

దుకాణాలు బందయిన రోజులు నిజంగానే వచ్చాయి. కరోనా మొదటి ఏడు, పంజాగుట్ట చౌరస్తాలో పిట్ట కనబడని వారాల్లో, ఆమె ఒరుగులు, ఊరమిరపకాయలు, పుంటికూర తొక్కు గిన్నెల్లో సర్ది ఇంటింటికీ పంపారు. సంఘం నేటి కార్యదర్శి ప్రభాకర్ గారింటికి రెండుసార్లు వెళ్ళింది. నేను చూశాను. ఆమెకు అందరికంటే దగ్గర ఇల్లు నాది. నాకు మాత్రం అందరి తర్వాత ఇచ్చారు. ఆ మాట నేను మరచిపోలేదు. నెల తర్వాత మొహం మీదే అడిగేశాను.

"మీకు కావలిస్తే మీరు అడుగుతరు సారూ" అన్నారు. "నోరు తెరిసి అడగనోళ్ళకు ముందుగాల ఇయ్యాలె."

అడిగి అడిగి అలసిపోయినవాణ్ణి నేను. అడగలేనివాళ్ళు కూడా ఉంటారని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

ఇక ఆ జాడీ. ఏటా కింద ప్రహరీ పక్కన ఉన్న మామిడి చెట్టు కాయలతో, మేడ మీద పండిన మిరప కారంతో ఆమె పచ్చడి పెట్టేవారు. అందులో అల్లం, వెల్లుల్లి వేసేవారు. మాది కోనసీమ. ఆవకాయలో అల్లం ఏంటండీ అని ఏడేళ్ళు వరసగా ఆక్షేపించాను. ఏడేళ్ళూ నవ్వి ఊరుకున్నారు. ఈ ఏడు ఆమే పిలిచారు.

"సారూ, ఈసారి అల్లమెల్లిగడ్డ ఎయ్య. మీ తీరుగనే పెడదాం. మీరు చెప్పుండ్రి, నేను పెడత."

"మీకు నచ్చుతుందా?"

"నచ్చకుంటే మీ మీద కాగితం రాస్త. మూడో దినం మీరే వచ్చి కలుపుండ్రి. ఖరాబయితే మీ జిమ్మేదారి."

ఆదివారం పొద్దంతా పట్టింది. ముక్కలు ఆమె కొట్టారు, జీడి తీసి ఒక్కొక్క ముక్క పొడిగుడ్డతో నేను తుడిచాను. ఆవపిండి నేను కొలిచాను. ఉప్పు దగ్గర నా మాట వినకుండా ఒక గుప్పెడు ఎక్కువ వేశారు. ఎందుకండీ అంటే, "మీరు మెట్లెక్కి వచ్చేసరికి ఆలిశం కావచ్చు" అన్నారు. సాయంత్రం వాసెన కట్టి, చెల్లెలింటికి పోయి వస్తానని చెప్పి మెట్లు దిగారు. రెండో అంతస్తు దాకా ఆమె చెప్పుల చప్పుడు విన్నాను.

మంగళవారమే ప్రభాకర్ గారి ఇంటికి వెళ్ళాను.

"మేడ తాళంచెవి పది నిమిషాలు ఇవ్వండి" అన్నాను.

"ఏంటండీ, మళ్ళీ కంప్లెయింటా?"

"కాదు. పచ్చడి కలపాలి."

ఆయన నవ్వారు. లోపలి నుంచి ఇంకెవరో కూడా నవ్వారు. "ఆవిడ సామాను మీకెట్లా ఇస్తామండీ? మీరేమవుతారు ఆవిడకి?"

ఏమవుతాను? "కింది ఇల్లు అవుతాను" అన్నాను.

"సరే, రాసివ్వండి. కమిటీలో పెడతాం. తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోవాలి."

ఆ సాయంత్రమే రాసిచ్చాను. బుధవారం యూసుఫ్‌గూడ వెళ్ళి ఆమె చెల్లెలు సత్తెమ్మ గారిని కలిశాను. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. "మైలల తొక్కు ముట్టొద్దు సారూ. దినాలయ్యేదాక మేమెవ్వరం ఆ ఇంట్ల చెయ్యి పెట్టం. మీరు కలిపితే కలుపుండ్రి. అక్క మీకే చెప్పిందంట గదా, నాతోని అన్నది" అన్నారు.

తిరిగివస్తూ మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆమె చావుకు స్నానం చేయవలసిన బంధువును కాను. పిండం పెట్టే హక్కు లేదు. చావు కబురు అందుకునే యోగ్యత కూడా లేకపోయింది. మైల నాకు లేదు. మైల లేదు కనుకనే ఆ జాడీని ముట్టదగినవాణ్ణి, ఆమె చెప్పి వెళ్ళినవాణ్ణి, నేనొక్కణ్ణే మిగిలాను.

ఇల్లు చేరేసరికి లిఫ్టు పక్కన నోటీసు అంటించి ఉంది. 'పై అంతస్తు నివాసి చాలాకాలంగా చేస్తున్న ఫిర్యాదులను పరిగణించి, నీరు కారకుండా పూత వేయించే నిమిత్తం, ఆదివారం మేడ మీది గది, కుండీలు, ఇతర సామగ్రి తొలగించబడును.' ఆ నివాసిని నేనే. తొమ్మిదేళ్ళ కిందట నేను రాసిన ఉత్తరానికి సంఘం ఇచ్చిన మొదటి జవాబు ఇది. ఏడు ఫిర్యాదుల్లో ఆరు ఆమె దగ్గర విత్తనాలను కాపాడాయి. ఆమె తోటను పీకడానికి ఏడోదాన్ని వీళ్ళు భద్రంగా దాచారు. నా అక్షరాలను చూసి నేను సిగ్గుపడటం ఇదే మొదటిసారి.

ఆ ఫిర్యాదును ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. నా పైకప్పు పొడిగా ఉంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

మణెమ్మ గారి వంటి మనిషి ఈ కాలనీకి మళ్ళీ రారు. ఆమె ఫొటో ఏదీ నా దగ్గర లేదు. పెట్టి పూలు వేయడానికి చోటూ లేదు. ఆమెకు నేను ఇవ్వగల అంజలి ఒక్కటే. పొడి చేత్తో ఆ జాడీని అడుగు నుంచి పైకి కలిపి, ఉప్పు చూసి, నూనె పోసి, మళ్ళీ వాసెన కట్టడం. తర్వాత పొట్లాలు తీసి మృగశిర రాగానే విత్తడం. ఆమె మాటలో చెప్పాలంటే, మిరుగం వచ్చినంక ఇత్తు ఇంట్ల ఉండొద్దు. మృగశిర పది రోజుల్లోకి వచ్చింది.

నేడు గురువారం. జాడీ పెట్టి ఐదో రోజు. పైనున్న ముక్కలు నూనె అందక ఎండుతూ ఉంటాయి. ఆమె వేసిన ఆ గుప్పెడు ఉప్పు ఇంకా కాపాడుతూ ఉంటుందని నా నమ్మకం. ఆదివారం దాటితే అది కూడా ఏమీ చేయలేదు.

ఈ వ్యాసం ఒక ప్రతి కాలనీ పత్రికకు పంపుతున్నాను. వారు ఎప్పుడు వేసుకుంటారో, అసలు వేస్తారో లేదో నాకు తెలియదు. నా పాత రచనలు నాలుగు వారి దగ్గరే ఉన్నాయి. ఇంకొక ప్రతిని లిఫ్టు పక్కన, ఆ నోటీసు కిందే అంటిస్తున్నాను. ఇదీ మందపాటి కాగితమే. ఇదివరకు మీరు నా ఉత్తరాలను చదవకుండా పారేసినా నష్టం లేకపోయింది. వాటిని ఏరుకుని, చదివి, గింజలు పోసి మడిచే చేతులు పైన ఉండేవి. ఇప్పుడు ఆ చేతులు లేవు. అందుచేత ఈసారి నాకు జవాబు కావాలి. ఇరవై ఇళ్ళలో ఎవరైనా సరే, ఒక్కరు పైకి వచ్చి నా తలుపు కొట్టి చెప్పండి.

మేడ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?