పూజ చేసిన కంప్యూటర్

రెండు నెలల కిందట ఒక ఆదివారం, భోజనాలయ్యాక మా అమ్మాయి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, తను కొనబోయే కంప్యూటర్ విడిభాగాల చిట్టా చూపించింది. అందులో గ్రాఫిక్స్ కార్డు ఒక్కదాని ధర చూసి, చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాను. అదీ చవకలో చవక అని ఏరుకున్నదట. పిల్లకి ఇరవై ఆరేళ్లు. ఉద్యోగం పోయాక ఇర్వింగ్‌లో మా ఇంటికి తిరిగొచ్చి, కంప్యూటర్ మీద ఆటలాడుతూ, ఆ ఆటని తన మాటలతో సహా రికార్డు చేసి లోకానికి చూపించే పనొకటి మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ నడిస్తే ఆట నత్తనడక నడుస్తోంది, ఆట నడిస్తే రికార్డింగ్ ఆగిపోతోంది. రెండూ చేయగల డెస్క్‌టాప్ తనే బిగించుకుంటానని, నా దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోనని ముందే షరతు పెట్టింది.

కంప్యూటర్ బిగించడం అంటే ఏమిటో మన తరంవాళ్లకి చెప్పక్కర్లేదు. రేకు అంచులకి వేళ్లు కోసుకోవడం, చిన్న స్క్రూ జారి బోర్డు కింద పడితే పెట్టె మొత్తం తలకిందులు చేసి దులపడం, అన్నీ అనుభవించినవాళ్లమే. నాకు తెలిసిన విద్యేలే అని దర్జాగా కళ్లజోడు సవరించుకుని కూర్చున్నాను గానీ, చిట్టాలో సగం నాకు అయోమయం. సీడీ డ్రైవు లేదు. సౌండ్ కార్డు లేదు, అది బోర్డులోనే ఉంటుందట. హార్డ్ డిస్కు ఉండాల్సిన చోట చూయింగ్ గమ్ బిళ్లంత ముక్క. ఫ్యాన్ల రొద మైకులో పడకూడదని, ఏ ఫ్యాను ఎంత నెమ్మదిగా తిరుగుతుందో కూడా బేరీజు వేసుకుని పెట్టింది. ఏ భాగానికి ఏది సరిపోతుందో వెబ్‌సైటే చెప్పేస్తోంది, మనిషితో పనే లేదు. నాకు తెలిసినది అందులో ఒక్కటే మిగిలింది, మెమరీ. ఆ ఒక్కదాని దగ్గర పెద్దరికం చూపించాను. మెమరీ ధర ఎప్పుడూ కిందికే దిగుతుంది, తొందరపడకు, ఒక నెల ఆగి కొను అన్నాను. ఆగి చూడటం నాకు మెమరీ ఒక్కదాని విషయంలోనే కాదు, చాలా వాటిలో అలవాటు.

పిల్ల నా మాట విని నెల ఆగింది. ఆగి చూస్తే అదే మెమరీ ధర రెండింతలు దాటి కూర్చుంది. ఏఐ కోసం పెద్ద పెద్ద కంపెనీలు మెమరీ అంతా ఊడ్చుకుపోతున్నాయట. ఇన్నేళ్లలో మెమరీ ధర ఇలా పెరగగలదని నేను కలలో కూడా అనుకోలేదు. అమ్మాయి చిట్టా ముందేసుకుని ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చో చూసి, చివరికి కొత్త పెట్టె మానేసి గరాజ్‌లో ఉన్న మన పాత కంప్యూటర్ పెట్టె వాడుకుంటానంది. అప్పటి పెట్టెలో ఇప్పటి బోర్డు ఎలా పడుతుందని నేను నవ్వాను. స్క్రూ రంధ్రాల కొలతలు అప్పటినుంచి ఇప్పటిదాకా మారలేదని టేపు పెట్టి చూపించింది. టేపు లాక్కుని నేనూ కొలిచాను, నిజమే.

ఆ పెట్టె అప్పటి నా రూమ్మేటూ నేనూ కలిసి కొన్నది. పాతికేళ్ల పైమాటే. ఇద్దరం ఒకే కన్సల్టింగ్ కంపెనీ తరఫున ఈ దేశం వచ్చి ఇర్వింగ్‌లోనే ఒక అపార్ట్‌మెంట్‌లో దిగాం. నాకు పెళ్లయి మా ఆవిడ వచ్చాక అతను పక్క బ్లాకుకి మారాడే గానీ, రాత్రి భోజనం మాత్రం మా ఇంట్లోనే. ఆవిడ అతన్ని అన్నయ్యా అనేది. నాకు కార్ల పందెం ఆట పిచ్చి, తెనాలి వైపు నుంచి వచ్చిన అతనికి నాటక పద్యాల పిచ్చి. అతను గొంతెత్తి రాగం తీస్తే పై అంతస్తులో ఉండే ముసలాయన కర్రతో నేల తట్టేవాడు. ఇద్దరి పిచ్చీ తీరేలా మేము బిగించుకున్నదీ ఆటకీ రికార్డింగుకీ కలిపి ఒక చవక కంప్యూటరే. నెలకోసారి శనివారం డౌన్‌టౌన్‌లో ఫ్లైఓవర్ కింద కంప్యూటర్ సామాన్ల సంత జరిగేది. ఫ్లాస్కులో టీ పోసుకుని, తెల్లవారకముందే వెళ్లి, బల్లల మీద పరిచిన బోర్డుల్ని టార్చిలైటు వేసి చూసి, నెలకో భాగం చొప్పున కొనుక్కొచ్చేవాళ్లం. ఒక భాగం తెచ్చిన వారమంతా దాని గురించే మాట్లాడుకునేవాళ్లం.

బిగించడం పూర్తయ్యేసరికి దసరా వచ్చింది. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. ఇంట్లో మా చేతులతో బిగించిన యంత్రం అదొక్కటేనని ఆయుధపూజ దానికే చేసింది. పక్క రేకు ఇంకా మూయని ఆ పెట్టెకి గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మేమిద్దరం దణ్ణం పెట్టుకుంటుండగా దాని మీద అక్షింతలు వేసింది. ఆ తర్వాత రెండు వారాల్లో అతను పదో పన్నెండో పద్యాలు రికార్డు చేశాడు. రాగం మంచి పట్టులో ఉండగా రికార్డింగ్ తెగిపోతోందని, ఇంకో మెమరీ ముక్క వేస్తే సరిపోతుందని, సంతకి అతనొక్కడే వెళ్లి తెచ్చాడు. పక్కనున్న ఖాళీ స్లాటులో అతనే నొక్కి కూర్చోబెట్టాడు. స్విచ్ వేయగానే టప్పుమని చప్పుడు, వెనకే పొగ, ఇల్లంతా మాడు వాసన.

నేనప్పుడు అన్న మాటలు ఇక్కడ రాయడానికే సిగ్గేస్తోంది. పనికిరాని సరుకని తెలిసే తెచ్చావన్నాను. నీ పద్యాల కోసం నా కంప్యూటర్ తగలబెట్టావన్నాను, ఇద్దరం కలిసి కొన్నదాన్ని పట్టుకుని. అతను ఎదురు చెప్పలేదు. కొత్త ముక్క బయటికి తీసి, టార్చి వేసి లోపలికి చూసి, ఒకసారి మా ఆవిడ వైపు చూసి, ఆ ముక్కని మళ్లీ అక్కడే పెట్టి, రేకు మూసి, స్క్రూలన్నీ బిగించి వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే మాట్లాడలేదనుకున్నాను. తర్వాత కొన్నాళ్లకి అతనికి మిషిగన్‌లో ఉద్యోగం వచ్చి ట్రాయ్ అనే ఊరికి వెళ్లిపోయాడని వేరేవాళ్లు చెబితే తెలిసింది. అమ్మాయి పుట్టినప్పుడు కూడా అతనికి కబురు చేయలేదు. స్నేహితుల ఇళ్ల పెళ్లిళ్లలో రెండుసార్లు హాలుకి ఆ చివర కనిపించాడు. కోపం ఇంకాస్త తగ్గనీ, ఈసారి కనిపిస్తే పలకరిద్దాంలే అనుకున్నాను. కంప్యూటర్ని పారేద్దామంటే పూజ చేసిన వస్తువని మా ఆవిడ ఒప్పుకోలేదు. రెండు ఇళ్లు మారినా అది మాతోనే వచ్చింది.

గరాజ్‌లో అమ్మాయి దాని రేకు ఊడదీసి, పాత బోర్డు తీసేయడానికి ముందు మెమరీ ముక్కలు లాగింది. ఒకటి సులువుగా వచ్చింది. రెండోది వంకరగా ఇరుక్కుని, బలంగా లాగితే గానీ రాలేదు. ఫోన్ లైటు వేసి లోపలికి చూసిన పిల్ల నన్ను పిలిచింది.

"నాన్నా, ఇందులో రైస్ ఎందుకు ఉంది?"

వంగి చూశాను. స్లాటులో ఒక బియ్యపు గింజ, ఒక కొస నల్లగా మాడి, రెండో కొస ఇంకా పసుపుపచ్చగా. దాని మీద పడి ముక్క ఒక పక్కకి ఒరిగింది, ఒరిగింది కాబట్టే మాడింది. సరుకులో దోషం లేదు. అతనిలోనూ లేదు. అక్కడే ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. అప్పుడు అతను టార్చి వేసి చూడటం గుర్తొచ్చింది. చూసినవాడు మళ్లీ ముక్క పెట్టి ఎందుకు మూసేశాడు?

అతని నంబరు సంపాదించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. నువ్వు అనాలో మీరు అనాలో తెలియని తడబాటులో ఏం నొక్కానో, ఫోన్ స్పీకర్‌లోకి వెళ్లింది. నా గొంతు వినగానే నిన్ననే మాట్లాడినట్టు చెప్పరా అన్నాడు. గింజ సంగతి చెప్పాను. అవతల టీవీ చప్పుడు ఆగింది.

"అప్పుడే చూశాన్రా. చెల్లెమ్మ ఏడో నెలతో అక్కడే నిలబడి ఉంది. తను వేసిన అక్షింత వల్లే కాలిందని తెలిస్తే, పుట్టబోయే పిల్లకి ఏమవుతుందోనని బెంగ పెట్టుకునేది. నన్ను నాలుగు తిట్టి మర్నాడు భోజనానికి పిలుస్తావనుకున్నా."

వెనక్కి తిరిగితే గుమ్మంలో మా ఆవిడ. అంతా వింది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, స్పీకర్ ఆపి, పెరట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. వాళ్లేం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరిగొచ్చాక కళ్లు తుడుచుకుంటూ ఒక్కటే చెప్పింది. కిందటేడు అతనికి గొంతు ఆపరేషన్ అయిందట, ఇప్పుడు రాగం ఎక్కడం లేదట, ఆ పాత కంప్యూటర్ డిస్కులో తన పద్యాలుంటే ఒకసారి వినాలనుందట.

అమ్మాయి ఆ డిస్కుని ఏదో తీగతో తన ల్యాప్‌టాప్‌కి కలిపింది. ముగ్గురం దాని చుట్టూ చేరి కూర్చున్నాం. టిక్కు టిక్కుమని నాలుగుసార్లు అని అది ఆగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఆ గొంతు నేను ఇరవై ఆరేళ్లు ఇంట్లో పెట్టుకుని, ఒక్క నాడూ వినకుండా పోగొట్టాను.

మర్నాడు అమ్మాయి మెమరీ ఆ పెరిగిన ధరకే కొంటుంటే నేను ఆగమని అనలేదు. అతనుండే ట్రాయ్ పక్కనే ఉన్న డెట్రాయిట్‌కి రానూపోనూ టికెట్లు బుక్ చేస్తూ, వచ్చే వారం తగ్గుతాయేమోనని కూడా చూడలేదు. భాగాలన్నీ వచ్చాక పిల్ల ఆ పాత పెట్టెలోనే ఒక్క మధ్యాహ్నంలో బిగించేసింది. ఎవరినీ ఇంటికి పిలవలేదు. టార్చి పట్టుకోవడానికి కూడా ఎవరూ అక్కర్లేకపోయింది. ఏది పొరపాటుగా వచ్చినా తిప్పి పంపేయొచ్చట. ఇప్పటి పద్ధతి బాగానే ఉంది, కాదనను. కానీ మా కాలంలో ఒక కంప్యూటర్ తయారవడానికి ఇద్దరు మనుషులు నెలల తరబడి ఒకరి ఇంటికొకరు రావాల్సి వచ్చేది. దానికున్న విలువ నాకు అప్పుడు తెలియలేదు.

ప్రయాణం రేపు. రాగం ఎక్కకపోయినా ఫరవాలేదు, మామూలు గొంతుతో పద్యం చదివించి తీసుకురమ్మని అమ్మాయి తన కొత్త మైకు నా సంచిలో పెట్టింది. మా ఆవిడ అతనికిష్టమని కందిపొడి కొట్టి సీసాకెత్తింది. మర్నాడే భోజనానికి పిలవాల్సినవాణ్ని నేను. ఇన్నేళ్ల తర్వాత, అతని ఇంటికి నేనే భోజనానికి వెళ్తున్నాను.