సారమ్మ ద్రాక్షరసం, జోయెల్ పళ్లు

సారమ్మ చెయ్యి పడితే మసిబట్టిన గిన్నె కూడా తళతళలాడాల్సిందే. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా చర్చికి వచ్చే ఎవరినైనా అడగండి, అబద్ధమైతే నా పేరు మార్చుకుంటాను. నెల మొదటి ఆదివారం, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, రసం పంచుకునే ప్రభు బల్ల అయ్యాక, మేమంతా ద్రాక్షరసం తాగిన బుల్లి స్టీలు కప్పులన్నీ కడిగి, తుడిచి, బీరువాలో పెట్టేది ఆవిడే. పాస్టరమ్మ సాయం వచ్చినా "మీరు కూసోండ్రమ్మా" అని పంపించేస్తుంది.

ఎందుకంటే సీసాలో రసం కొంచెం మిగులుతుంది. అది తనకు కాదు లెండి, రెండేళ్ల మనవడు జోయెల్‌కి. "మందిరంల రసం పారబోస్తే పాపం గాదా? పిలగానికి ఆశీర్వాదం!" అంటూ దానికింత చక్కెర, ఇన్ని నీళ్లు కలిపి వాడి ముక్కుమూత సిప్పర్‌లో పోసేది. అది అయిపోతే దుకాణంలో దొరికే నారింజ పొడి కలిపేది. కోడలు ఏంజెల్ దుండిగల్‌లో ఒక హాస్టల్ వంటింట్లో పనికి పోతే మళ్లీ సాయంత్రమే రావడం. వాడు రోజంతా ఆ సిప్పర్ చప్పరిస్తూనే ఉండేవాడు, నిద్రలో కూడా వదిలేవాడు కాదు. చర్చిలో కిక్కురుమనేవాడు కాదు. ఎంత బుద్ధిమంతుడో అని మేమంతా మురిసిపోయేవాళ్లం, మా మురిపెం మండిపోను!

ఒకనాడు వాడి పళ్లు తోముతూ ఏంజెల్ కెవ్వుమంది. పై వరస ముందు పళ్లు చిగుళ్ల దగ్గర గోధుమరంగుకు తిరిగాయి. వెంటనే ఆటో ఎక్కి మేడ్చల్‌లో పళ్ల డాక్టరమ్మ ధరణి దగ్గరికి పరుగెత్తారు. నేనూ ఎక్కాను, పక్కింటి దాన్ని నేను లేకుండా ఎలా జరుగుతుంది?

ఏం తాగిస్తున్నారని డాక్టరమ్మ అడిగితే సారమ్మ గర్వంగా అంతా చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"రోజంతా తీపి చప్పరిస్తుంటే పళ్లు పుచ్చకేం చేస్తాయమ్మా? కారని సిప్పర్ మన బట్టలకు మంచిది, పళ్లకు కాదు. మూత లేని కప్పులో తాగించండి. మంచినీళ్లు, తిండివేళకు చక్కెర వెయ్యని పాలు, అంతే. ఇప్పుడైతే పుచ్చు ఆగడానికి మందు పూత వేస్తాను. క్రిస్మస్ ముందు తీసుకురండి. పుచ్చు ఇంకా పాకితే మత్తిచ్చి ఆ పళ్లు తీసెయ్యాల్సిందే."

తిరుగు ఆటోలో సారమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా పిలగాని పండ్లు నా చేతులతోనే ఊడగొట్టుకుంటున్న గద పిల్లా!" అంది. నాకూ ఏడుపొచ్చింది.

సిప్పర్ అటక ఎక్కింది. ఇక చూడాలి జోయెల్ ప్రతాపం! గ్లాసు చూపిస్తే విసిరికొట్టేవాడు, ఇల్లంతా నీళ్లే. తాత జయరాజు చూడలేక "పిలగాడు ఎండిపోతాండు, ఇచ్చెయ్ సారమ్మా" అన్నాడు. సారమ్మ అటక వైపు చెయ్యి చాచి, చప్పున వెనక్కి తీసుకుంది. "ఇయ్య! ఏడ్వనియ్యి! ఇయ్యాల ఏడిస్తే ఏమైతది, రేపు పండ్లు వోతే నేనేడ్వాలె!" అంది. ఆ పూటంతా చెంచాతో బతిమాలి తాగించింది.

ఆ ఆదివారమే బల్ల వచ్చింది. నోట్లో సిప్పర్ లేని జోయెల్ మొదటిసారి చుట్టూ చూశాడు. అందరి చేతుల్లో బుల్లి కప్పులు. పాస్టరుగారు చెప్పగానే అందరం ఒక్కసారే ఎత్తి తాగాం. వాడు అవ్వ ఒళ్లోంచి ఎగిరి "నాకూ! నాకూ!" అని చర్చి అదిరేలా అరిచాడు. పసిపిల్లలకు బల్ల ఇవ్వరు కదా!

సారమ్మ దిగ్గున లేచింది. లోపలికి పరుగెత్తి, మిగిలిన కప్పు ఒకటి తీసి, కుండలో నీళ్లు ముంచి పట్టుకొచ్చింది. పాస్టరుగారు చూస్తూ నిలబడిపోయారు. "ఒట్టి నీళ్లే అయ్యగారూ!" అంది సారమ్మ గుమ్మంలోంచే.

జోయెల్ కప్పు రెండు చేతులా పట్టుకుని, మాలాగే పైకెత్తి, గుటుక్కున మింగాడు. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు!

"ఇంకా," అన్నాడు.

నేను ఆగలేక "హల్లెలూయా!" అని కేకేశాను. ప్రార్థన మధ్యలో అలా అరవకూడదని తెలుసు. అయితే ఏం?

మర్నాడే సారమ్మ మేడ్చల్ బజారుకెళ్లి అలాంటి బుల్లి కప్పులు ఇంటిల్లిపాదికీ కొనుక్కొచ్చింది. అందరూ కలిసి తాగితేనే వాడు తాగుతాడు మరి! మీసాల జయరాజు కూడా ఆ బుల్లి కప్పు పట్టుకుని, "ఇగ తాగుదామారా?" అని మనవణ్ణి అడిగేవాడు. చూసి తీరాలి ఆ వైభోగం.

క్రిస్మస్ ముందు మళ్లీ డాక్టరమ్మ దగ్గరికెళ్లాం. సారమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది. డాక్టరమ్మ వేలితో జోయెల్ పై పెదవి ఎత్తింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"అబ్బా!" అని డాక్టరమ్మ వేలు లాక్కుంది.

జోయెల్ కొరికేశాడు! ఏంజెల్ సిగ్గుతో చచ్చిపోయింది. డాక్టరమ్మ వేలు విదిలించుకుంటూ నవ్వింది. "పుచ్చు పాకలేదు. పళ్లు గట్టిగానే ఉన్నాయి, తియ్యక్కర్లేదు. ఇలాగే చూసుకోండి."

సారమ్మ కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. మనవడి ముందు కూలబడి తన వేలు అందించింది.

"ఏదీ, నన్ను గూడ కొర్కు బిడ్డా!"