తలసరి మాస్టారు

ఆస్గేర్ మాస్టారికి ఏ సంగతి చెప్పినా బాగుందనో బాగాలేదనో అనరు. ముందు దాన్ని జనాభాతో భాగిస్తారు. భాగించగానే ఆయన మొహం వెలిగిపోతుంది. "తలసరి లెక్కన చూస్తే ప్రపంచంలో మనమే మొదలు!" అని ప్రకటిస్తారు. ఐస్‌లాండ్ దేశం మొత్తానికీ ఈ జబ్బు కొద్దోగొప్పో ఉన్నదే. నాలుగు లక్షలైనా నిండని జనం ఏ పోటీలో నెగ్గాలన్నా భాగహారం తప్ప వేరే దారి లేదు మరి. కాకపోతే దేశానిది మామూలు దగ్గయితే మాస్టారిది కోరింత దగ్గు.

కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న స్కార్ఫవిక్ ఊళ్లో ఆయన ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు భూగోళం చెప్పారు. బడి నుంచి రిటైరయ్యారు గానీ పాఠం నుంచి కాలేదు. ఇప్పుడు ఆయన తరగతి ఈతకొలను పక్కనున్న వేడినీళ్ల తొట్టి. చలికాలం పొద్దున్నే, ఇంకా తెల్లారని చీకట్లో, ఊరు ఊరంతా ఆ తొట్టిలో మెడల దాకా మునిగి కూర్చుంటుంది. నెత్తిన మంచు పడుతూ ఉంటుంది. దేశంలో ఏం జరిగినా మొదట విచారణ అక్కడే.

ఆ కొలనుకి కాపలా, టిక్కెట్లు, ఊడ్చేది, కాఫీ కాచేది అన్నీ స్టైనున్ ఒక్కతే. యాభైకి దగ్గర పడిన మనిషి. చిన్నప్పుడు మాస్టారి దగ్గరే చదువుకుంది. నీళ్లలోకి దిగేముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలన్న నియమం దగ్గర ఆమెకు తనా పరా లేదు. మాస్టారికేమో వార్తల తొందర. రెండు చెంబుల నీళ్లు గుమ్మరించుకుని పరుగెత్తుకొచ్చేవారు.

"మాస్టారూ, సబ్బు రాశారా?"

"రాశానమ్మాయ్."

"వీపు పొడిగా ఉంది. వెనక్కి నడవండి."

ఇది రోజూ జరిగే భాగోతమే. సబ్బు పూర్తయి తొట్టిలోకి దిగేసరికి అప్పటికే ఒక వార్త చల్లారిపోయి ఉండేది. దాంతో రెండో వార్త మీద రెట్టింపు ఉత్సాహంతో పడేవారు.

"హ్యాండ్‌బాల్‌లో జర్మనీ చేతిలో ఓడిపోయాం మాస్టారూ," అన్నాడు ఒకరోజు సింద్రి. పడవ మీద చేపలు పట్టే మనిషి. మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఎవరు ఓడింది? వాళ్లెంతమంది? ఎనిమిది కోట్లు. మనమెంత? అంటే మన ఒక్క గోలు వాళ్ల రెండొందల గోల్స్‌తో సమానం. పాపం, జర్మనీ వాళ్లు ఆ చిత్తు ఓటమి నుంచి ఎప్పుడు తేరుకుంటారో!"

యూరోపియన్ యూనియన్‌లో చేరాలా వద్దా అన్న మాట లేచిందంటే తొట్టి రెండుగా చీలిపోయేది. "మన చేపల మీద వాళ్ల పెత్తనమేంటి?" అని సింద్రి నీళ్ల మీద చెయ్యి బాదేవాడు. "నేను అక్కణ్నుంచే వచ్చాను, నన్నెవరూ కొరుక్కుతినలేదు," అనేది దనూతా. ఆమె పోలెండ్ నుంచి చేపల ఫ్యాక్టరీలో పనికొచ్చిన మనిషి. ఇద్దరూ తీర్పు కోసం మాస్టారి వైపు తిరిగేవారు.

"చేరకుండా, చేరడం గురించి ఇన్నేళ్లుగా పోట్లాడుకుంటున్న జనం ఇంకెక్కడున్నారు?" అనేవారు ఆయన కళ్లు మూసుకుని. "తలసరి లెక్కన ఇందులోనూ మనమే మొదలు."

దక్షిణాన అగ్నిపర్వతం పేలి రోడ్డు మునిగిందన్నా ఇంతే. తలకి ఇంత లావా అని పంచిపెట్టేవారు. "నా వాటా మీరే ఉంచుకోండి," అనేది స్టైనున్ కాఫీ పోస్తూ.

దేశం అయిపోయాక ఊరి మీద పడేవారు. ఊళ్లో ఉన్నది తొంభై మంది. ఆ లెక్కన ఎవరో ఒక్కరు ఏ పని చేసినా ప్రపంచ రికార్డే. దనూతా వచ్చిన మొదటి చలికాలంలో, ఎండ మొహం చూడక నెలలు గడిచాక, ఒకరోజు తొట్టిలో ముక్కు చీదుతూ కూర్చుంది. మాస్టారు పక్కకి జరిగారు.

"నీకేం వచ్చు తల్లీ?"

"ఏమీ రాదు."

"ఏమీ రానివాళ్లు ఉండరు. ఆలోచించు."

"అకార్డియన్ కొంచెం వాయిస్తాను. ఏదో కొంచెం."

మాస్టారు మంచులోకి సగం లేచి నిలబడ్డారు. "తొంభైలో ఒకరు! మీ పోలెండ్‌ని కూడా దాటేశాం!" ఆ సాయంత్రానికి కొట్లో చెప్పారు, రేవులో చెప్పారు, ఎదురుపడ్డ కుక్కకీ చెప్పారు. వారం తిరక్కుండా శీతాకాలపు విందులో వాయించమని ఊరు ఆమె తలుపు తట్టింది. ఆమె వాయించింది కూడా. నిజంగానే కొంచెమే వచ్చు. ఊరు మాత్రం ఒళ్లు మరిచి గెంతింది.

సింద్రి మందు మానేసినప్పుడు కూడా అంతే.

"మానేసినవాళ్లలో తలసరి మనమే మొదలు!"

"మానేసింది నేనొక్కణ్నే కదా మాస్టారూ."

"అందుకేరా చెప్పేది! నువ్వు ఒక్క గ్లాసు ముట్టావో, ఊరు మొదటి స్థానం నుంచి అట్టడుక్కి పోతుంది. ఒళ్లు దగ్గర పెట్టుకో."

ఇలా ఊళ్లో చాలామందికి తలా ఒక రికార్డు దక్కింది. స్టైనున్‌కి మాత్రం లేదు. పదకొండేళ్లుగా అదే తొట్టి పక్కన నిలబడి అందరి కిరీటాలూ చూస్తోంది. ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "మరి నా సంగతేంటి మాస్టారూ?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. "నీదా? కాఫీ ఇంకాస్త ఉందా అమ్మాయ్?"

కాఫీ పోసింది. ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. మనసులోది దాచుకునే రకం కాదు కాబట్టి వారం రోజులు ఆయన కాఫీలో చక్కెర వేయలేదు.

అలాంటి రోజుల్లో పిడుగులాంటి వార్త వచ్చింది. ఆ ముందటేడే ఊరిని కొండవతల పట్టణంలో కలిపేశారు. ఇప్పుడు ఆ పట్టణ సభ ఖర్చులు తగ్గించుకోవాలనుకుంది. స్కార్ఫవిక్ కొలను మూసేయాలా ఉంచాలా తేల్చి చెప్పమని హౌకుర్ అనే అధికారిని పంపిస్తోంది. కొలను పోతే స్టైనున్ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఈ ఊళ్లో చేయడానికి ఇంకో పని లేదు. మూటాముల్లే సర్దుకుని రాజధానికి పోవాలి. ఆమె పోవడం అలా ఉంచితే, చలికాలంలో ఈ తొంభై మంది ఒకరి మొహం ఒకరు చూసుకునే చోటు ఇంకొకటి లేదు.

"మెడ పట్టి గెంటినా తాళాలు ఇచ్చేది లేదు," అంది స్టైనున్. "మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. ఆ మనిషి ముందు మీ తలసరి ఎత్తకండి."

"అదే కదమ్మాయ్ మన బ్రహ్మాస్త్రం!"

హౌకుర్ మంచు తోసుకుంటూ వచ్చాడు. ముప్పై దాటిన సన్నటి మనిషి, నలగని కోటు. ఆఫీసు గదిలో మాట్లాడుకుందామన్నాడు. ఈ ఊళ్లో ఆఫీసు గదంటే తొట్టేనని చెప్పి స్టైనున్ తువ్వాలు చేతిలో పెట్టింది. "సబ్బు అక్కడుంది. అధికారులకి వేరే సబ్బు లేదు." అతను బుద్ధిగా కడుక్కునొచ్చి, ఫోన్‌ని ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని, ఊరి మధ్యలో మెడ దాకా మునిగి కూర్చున్నాడు.

మాస్టారు ఎత్తనే ఎత్తారు. తలసరి పుస్తకాలు, తలసరి చేపలు, తలసరి అకార్డియన్. ఒక్కటీ వదల్లేదు. హౌకుర్ ఓపిగ్గా విని, చిన్నగా నవ్వాడు.

"ఆస్గేర్ గారూ, నేనూ తలసరి లెక్కే తెచ్చాను. ఈ కొలను ఖర్చుని మీ ఊరి జనంతో భాగించి చూశాం. చుట్టుపక్కల ఏ కొలనుకీ తలకి ఇంత ఖర్చు లేదు. ఇందులోనూ మీరే మొదలు."

అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన మెల్లగా ముక్కు దాకా నీళ్లలోకి దిగిపోయారు. తన వేలితో తన కన్నే పొడుచుకున్న మనిషిలా ఉన్నారు. ఆయన భాగహారం చేయకుండా ఊరుకోవడం ఊరు చూడటం అదే మొదటిసారి. స్టైనున్‌కి ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆ తెల్లటి నెత్తి మీద పేరుకుంటున్న మంచు చూసి, తిట్టబోయిన తిట్టు మింగేసింది.

మొదట గొంతు విప్పింది సింద్రి.

"చూడు బాబూ, నీ లెక్కలో నేనూ ఒక తలనే కదా. ఈ తల మూడేళ్లుగా మందు ముట్టలేదు. ఎందుకో తెలుసా? సీసా మీద చెయ్యి వేసిన ప్రతిసారీ, ఊరి మొదటి స్థానం పోతుందేమోనని భయం. పిచ్చిమాటని నాకు తెలుసు. అయినా భయమే."

"నేను సంచీ సర్దుకున్న రోజునే నన్ను ప్రపంచంలో మొదటిదాన్ని చేశాడీయన," అంది దనూతా. "మొదటి స్థానంలో ఉన్నవాళ్లు బస్సెక్కి పారిపోతే ఏం బాగుంటుంది? సంచీ విప్పేశాను."

హౌకుర్ ఇబ్బందిగా కదిలాడు. "అవన్నీ నిజమే కావచ్చండీ. కానీ లెక్క లెక్కే కదా."

స్టైనున్ చీపురు గోడకి ఆనించి తొట్టి అంచు దాకా వచ్చింది.

"సరే, లెక్కే మాట్లాడుకుందాం. మీ పట్టణంలో వేల మంది ఉన్నారు. నిన్న పొద్దున మీ కొలనులో ఎంతమంది దిగారు?"

"నిన్నంటే... ఓ పాతిక మంది ఉంటారేమో."

"నువ్వు దిగావా?"

"లేదు."

"మొన్న?"

"లేదండీ."

"ఇక్కడ నిన్న దిగనిది ఎవరో చెప్పనా? సముద్రం మీదున్న పడవవాళ్లు, కాలు విరిగిన ఒక ముసలావిడ. ఆవిడ రాకపోతేనే కదా కాలు విరిగిందని తెలిసింది! పొద్దున తొట్టిలో తల కనపడకపోతే పదింటికల్లా నేను వెళ్లి తలుపు కొడతాను. నువ్వు లెక్కపెట్టినవన్నీ పొడి తలలు బాబూ. పొడి తలలకి కొలనెందుకు? తడిసిన తలలతో భాగించు. మీ కొలనునీ భాగించు, మా కొలనునీ భాగించు. అప్పుడు చెప్పు ఎవరిది దండగ ఖర్చో!"

భళ్లున నీళ్లు చిమ్మాయి. ముక్కు దాకా మునిగిన మనిషి నడుం దాకా లేచారు.

"తడి తలసరి!" అని కేకపెట్టారు మాస్టారు. "తడి తలసరి! ఇన్నేళ్లు నాకెందుకు తట్టలేదు? అమ్మాయ్, నీకు బళ్లో లెక్కలు చెప్పిందెవరు?"

"మీరే. భూగోళం పీరియడ్‌లో."

హౌకుర్ ప్లాస్టిక్ సంచీ మీంచే ఫోన్ నొక్కాడు. ఒకసారి భాగించాడు. తుడుచుకుని మళ్లీ భాగించాడు. "మా పద్దులో ఇలాంటి గడి లేదే," అని గొణిగాడు.

"పెట్టుకో," అంది స్టైనున్. "పెట్టుకునేదాకా నీ బట్టల పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

పట్టణ సభలో ఆ గడి మీద పెద్ద రభసే జరిగిందట. నవ్వినవాళ్లు నవ్వారు, తిట్టినవాళ్లు తిట్టారు. హౌకుర్ మాత్రం పట్టు వదల్లేదు. చివరికి పట్టణం కొలనుకే పని వేళలు తగ్గించి, స్కార్ఫవిక్ జోలికి రాకుండా ఊరుకున్నారు.

తర్వాతి శనివారం హౌకుర్ కొండ దాటి వచ్చాడు. తడి తలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పోదామని వచ్చానన్నాడు. ఆ పై శనివారం కూడా చూసి పోయాడు. మూడోసారి వచ్చేటప్పటికి సొంత తువ్వాలు తెచ్చుకున్నాడు. అతనికి జనం పక్కకి జరిగి చోటిచ్చేలోపే మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మూసేయడానికొచ్చి మునకేసిన అధికారుల్లో, తలసరి లెక్కన..."

అంతే, స్టైనున్‌కి తిక్క రేగింది.

"ఆపండి మాస్టారూ! నిన్నగాక మొన్నొచ్చినవాడికి కూడా ఇచ్చేశారా? పదకొండేళ్లు! మీ వీపుకి సబ్బు రాయించింది నేను, కొలను నిలబెట్టింది నేను. ఊరందరికీ పంచారే, నాకేదీ?"

మాస్టారు చుట్టూ చూశారు. ఎటూ తప్పించుకునే సందు లేదు. నీళ్లలోనే ఆమె వైపు జరిగి గొంతు తగ్గించారు.

"అది పోతారేమో అనిపించినవాళ్లకి ఇచ్చేది అమ్మాయ్. దనూతా బస్సెక్కేస్తుందని ఇచ్చాను. సింద్రి ఏకంగా సముద్రంలోకే పోతాడేమోనని ఇచ్చాను. ఈ కుర్రాడికి పట్టణంలో పలకరించే దిక్కు లేదు, ఎవరూ గమనించలేదు గానీ ఆ రోజు తొట్టిలోంచి చివర లేచింది వాడే. నువ్వెక్కడికి పోతావ్? నువ్వే పోతే ఇక భాగించడానికి ఊరేదీ?"

స్టైనున్ ఆవిరి కళ్లలో పడిందన్నట్టు తువ్వాలుతో మొహం తుడుచుకుంది. గుచ్చుకున్న ఆ ముల్లు ఎప్పుడు ఊడిపోయిందో ఆమెకే తెలియలేదు. అయినా ఊరికే వదిలితే ఆమె స్టైనునే కాదు.

"అయితే నేనూ పోతున్నాను. రేపటి బస్సుకే."

"ఆగాగు!" మాస్టారు మంచులోకి నిలువునా లేచిపోయారు. "బెదిరించే కొలను కాపలాదార్లలో, తలసరి లెక్కన..."

"ప్రపంచంలో మనమే మొదలు!" అంది తొట్టి తొట్టంతా ఒక్క గొంతుతో.

స్టైనున్ నవ్వు బిగబట్టి, అలా నిలబడ్డ మాస్టారిని ముందూ వెనకా పరీక్షగా చూసింది.

"వీపు పొడిగా ఉంది. సబ్బు రాసుకుని రండి."

మాస్టారు కిక్కురుమనకుండా స్నానాల గది వైపు నడిచారు. ఆ రోజు ఆయన కాఫీలో రెండు చెంచాల చక్కెర పడింది.