ఎలా పేర్చినా మిగిలే బండ

మాదాపూర్ గుట్టలు పేల్చి ఆఫీసు భవనాలు లేపుతున్న రోజుల్లో నేను అక్కడ బండలు మోశాను. అప్పుడు నాది పాలు తాగే పిల్ల. పొద్దున్నే దాన్ని బోరబండలో పక్కింటామెకు అప్పగించి, కూలీల బండి ఎక్కేదాన్ని. సాయంత్రం అదే బండి మమ్మల్ని దింపాలి. మేస్త్రీ సరేనంటే గాని అది కదలదు.

ఆ రోజు తాండూరు బండలు దిగాయి. చిట్టీలో రెండువేల ఐదువందల ఇరవై ఒకటి. మా మేస్త్రీకి ఒక పట్టు ఉండేది: దొంతరలన్నీ సమానంగా వస్తేనే లెక్క సరి, ఒక్కటి మిగిలినా ఎక్కడో తప్పు పడ్డట్టే. పదేసి పేర్చాం. ఒకటి మిగిలింది.

"తప్పు వడ్డది. ఎనిమిదేసి పెట్టుండ్రి."

పెట్టాం. ఒకటి మిగిలింది. ఏడేసి పెట్టమన్నాడు. అప్పుడూ అంతే. పొద్దు వాలుతోంది. పాలు చేపుకొచ్చి నా రవిక తడిసిపోయింది. పైన కొంగు కప్పుకుని మోస్తున్నాను.

"మేస్త్రీ, బిడ్డ ఏడుస్తుంటది. జర ఇడ్సిపెట్టు."

"నేనేమన్న కట్టేసిన్నా అక్కా? బండలు సరి కానీ, పోదువు."

అంతలో కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు అటుగా వచ్చాడు. సంగతి విని, సుద్దముక్కతో బండ మీదే లెక్కలు వేశాడు. వేసేకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది.

"భలే సంఖ్యండీ ఇది! రెండు నుంచి పది దాకా దేంతో పేర్చినా ఒకటి మిగులుతుంది. ఆ పైనా ఏదీ దీన్ని భాగించదు. ఆ ఒక్కటీ తీసేశారా, రెండు నుంచి పది దాకా అన్నిటికీ సరిగ్గా సరిపోతుంది."

మేము నడుములు పట్టుకుని నిలబడ్డాం. ఆయన సంబరం మాకు అందలేదు.

"తప్పు లేదంటవా సార్?" అన్నాడు మేస్త్రీ.

"లేదండీ. మీరు పొద్దుటిదాకా పేర్చినా ఇంతే."

"గట్లయితే మిగిలినదాన్ని ఏం జెయ్యాలె? చిట్టీల ఉన్నదాన్ని తీసేస్తనా?"

మా ముఠాలో అందరికంటే పెద్దది, మేమంతా అవ్వా అని పిలిచేది, ఆ మిగిలిన బండ మీద చతికిలబడింది.

"ఇది నా పీట. నేను కూసున్నంత సేపు ఇది బండ కాదు. ఇగ జూడు, నీ దొంతులు సక్కగున్నయా లేదా?"

మేస్త్రీ చూశాడు. నవ్వాపుకోలేకపోయాడు.

"ముసల్దానా, నిన్నుగూడ చిట్టీల రాస్త. ఎక్కుండ్రి, బండి ఎక్కుండ్రి."

ఇల్లు చేరేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు పడుకుంది. పక్కింటామె చక్కెర నీళ్లు పట్టిందట, మింగలేదట. ఎత్తుకోగానే కళ్లు తెరవకుండానే రొమ్ము వెతుక్కుంది. గోడకు ఆనుకుని పాలిచ్చాను. రెండో వైపుకు మార్చేలోపే నాకు నిద్ర పట్టేసింది.