ఆరడుగుల వాక్యం

ఆ వాక్యం నేనే రాశాను. ఇంకెవరి మీదికైనా నెట్టే వీలుంటే ఈపాటికి నెట్టేసి ఉండేవాణ్ని. రైల్వేలో ముప్పై ఏళ్ల గుమాస్తాగిరీ నేర్పిన విద్యల్లో అదొకటి. కానీ దరఖాస్తు మొత్తం నా చేతిరాతలోనే ఉంది. అందులో మూడో పేజీ మధ్యలో, అన్ని శిక్షణలూ మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం పాటిస్తూ, చేతులకు తొడుగులు ధరించి నిర్వహించబడుతున్నాయని ఉంది. రాసింది చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ల కేంద్రం గురించి. ఆరడుగుల దూరంనుంచి వాళ్లకు ఎవరైనా ఏం నేర్పగలరో నాకు తట్టనే లేదు. దూరం గురించి రాశాను గానీ దూరాలోచన చేయలేదు.

గుజరాత్‌లో మేముండే బట్టల ఊళ్లో, పర్వత్ పాటియా అనే పేటలో, చీరలు మడతపెట్టే గోదాము మీద రెండు గదులు, అదే కేంద్రం. నడిపేది ఒక గుజరాతీ ఆమె. ఆమెను అందరూ బెన్, అంటే అక్క, అని పిలుస్తారు. నాకంటే పదేళ్లు చిన్నదైనా నేనూ అలాగే అంటాను. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని వంట మీద రిమార్కులు రాస్తున్నానని, ఎవరికైనా అక్కరకొచ్చే రాతలు రాయమని మా ఆవిడ నన్ను అక్కడికి తోలింది. కేంద్రానికి వచ్చే పోయే ఉత్తరాలన్నీ నావి.

అక్కడ పాఠం అంటే చేతులే. నేర్పేవాళ్ల చేతి మీద నేర్చుకునేవాళ్ల చేయి ఉంటుంది. కింది చేయి మాట్లాడుతుంటే పై చేయి వింటుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. గదిలోకి ఎవరొచ్చినా ముందుగా అందరికీ చేయి అందించి తామెవరో చెప్పుకోవాలి. చెప్పకుండా నిలబడటం వాళ్ల లెక్కలో పరాయి ఇంట్లో పొంచి ఉండటమే. మొదటిరోజు నాకది తెలియక బీరువాలా నిలబడ్డాను. ఆ తర్వాత బెన్ నాకు మనిషి హోదా ఇప్పించింది.

వచ్చేవాళ్లలో గోడాదరా బస్తీనుంచి వచ్చే మన తెలుగు పిల్ల ఒకర్తి. పందొమ్మిదేళ్లది. తండ్రి మరమగ్గం మీద పనిచేస్తాడు, తల్లి ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటిస్తుంది. కరీంనగర్ వైపునుంచి వచ్చినవాళ్లు. మొదటి లాక్‌డౌన్‌లో కేంద్రం మూతపడితే ఆ పిల్ల ఏడు నెలలు ఒక్క గదిలోనే ఉండిపోయింది. చేతి భాషలో తల్లికి వచ్చినవి మూడు మాటలు. అన్నం, నీళ్లు, దొడ్డికి. ఆ మూడింటితో ఏడు నెలలు. మళ్లీ తెరిచేనాటికి ఆ పిల్ల కుడి మణికట్టుకు గుడ్డ కట్టి ఉంది, కొరుక్కుని కొరుక్కుని పుండు పడింది. అది మానడానికి బెన్‌కు ఒక చలికాలం పట్టింది.

రింగ్ రోడ్ మార్కెట్ల సేఠ్‌లు ఇచ్చే చందాలతో కేంద్రం నడిచేది. మార్కెట్లు మూసుకున్నాక చందాలూ మూసుకున్నాయి. కరోనా రెండో అల తగ్గిన వర్షాకాలంలో ఇంటాయన నెలాఖరు గడువిచ్చాడు, అద్దె కట్టండి లేదా ఖాళీ చేయండి అని. మిగిలిన ఆశల్లా ప్రభుత్వ మూలనిధి. కరోనా రాకముందే బెన్ కూడబెట్టిన మొత్తానికి ప్రభుత్వం అంతే కలిపి శాశ్వతంగా బ్యాంకులో వేస్తుంది. అసలును ఎవరూ ముట్టుకోకూడదు, వడ్డీతో కేంద్రం నడవాలి. ముట్టుకోకూడని డబ్బు, ముట్టుకుంటే తప్ప బతకని మనుషులు. రెంటినీ కలపడానికి మధ్యలో నేను.

షరతు ఒకటే. ఒక అధికారి వచ్చి, దరఖాస్తులో ఉన్నదే కేంద్రంలో జరుగుతోందని చూసి రాయాలి. అప్పుడే ఫైలు కదులుతుంది.

ఆయన వచ్చే ముందురోజు నకళ్లు తీయిస్తుంటే మూడో పేజీ నా కంటబడింది. అదెలా వచ్చిందో వెంటనే గుర్తొచ్చింది. ట్యూషన్ క్లాసులు తెరవడానికి ఇచ్చిన సర్క్యులర్‌లోంచి పేరా మొత్తం ఎత్తి పెట్టాను. పాత కాగితంలోంచి పేరా ఎత్తి కొత్త కాగితంలో పెట్టడాన్ని మా ఆఫీసులో తప్పనరు, పద్ధతి అంటారు. ఆ పద్ధతిలో నాకు ప్రమోషన్ కూడా వచ్చింది.

బెన్‌కు చూపించాను. ఆమె అది రెండుసార్లు చదివింది. కింద 'పైన రాసినదంతా నిజం' అన్నచోట ఉన్నది ఆమె సంతకం. నన్ను ఒక్క మాట అనలేదు, అని ఉంటే నాకు తేలికయ్యేది. హిందీలో అన్నది, రేపు ఒక్క గంటసేపు దాన్ని నిజం చేద్దామని. సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టాం. కుర్చీలు దూరంగా జరిపాం. మందుల షాపునుంచి తొడుగులు తెప్పించి మధ్యాహ్నం బెన్‌కూ ఆ తెలుగు పిల్లకూ ఒకసారి వేసి చూశాం.

ఆ పిల్ల తొడుగున్న బెన్ చేతిని తడిమింది. వాసన చూసింది. తోసేసింది. మళ్లీ తడిమి, మళ్లీ తోసేసి, కుర్చీ దిగి గోడ మూలకు వెళ్లి కూర్చుంది. ఆమె మణికట్టు మెల్లగా నోటి దగ్గరికి పోవడం మేమిద్దరం చూశాం. సరిగ్గా అప్పుడే, కూతుర్ని తీసుకుపోవడానికి తల్లి మెట్లెక్కి వచ్చింది.

"ఏంది సారూ, మా పిల్లకు గీ రబ్బర్లు ఎందుకు తొడిగిండ్రు?"

జరిగింది చెప్పాను. ఆమె కూతురి చేతికున్న తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీస్తూ విన్నది.

"మీరు రాసింది తప్పా, మేం జేసేది తప్పా? ఒక్కటి జెప్పుండ్రి."

"నేను రాసిందే తప్పు."

"మరి గదే జెప్పరాదుండ్రి గా సాబ్‌కు."

చెబితే నిధి రాకపోవచ్చని, రేపు ఒక్క గంట ఓర్చుకుంటే చాలని అన్నాను.

"గా ఒక్క గంటల ఇది చేయి కొర్కుతె సాబ్ ఏం రాస్కుంటడు సారూ? ఏడు నెల్లు నేను జూసిన. మీరు జూడలే."

ఆమె కూతుర్ని తీసుకుని వెళ్లిపోయింది. బెన్ సుద్ద గుర్తులు చెరపలేదు. ఉంచుదామని కూడా అనలేదు.

మర్నాడు పదకొండింటికి అధికారి వచ్చారు. రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ షీల్డు, మెడలో శానిటైజర్ సీసా. గుమ్మంలోనే నిలబడి, ఇంట్లో తండ్రి ఆక్సిజన్ తీసేసి వారమే అయిందని, దయచేసి ఎవరూ దగ్గరికి రావద్దని అన్నారు. కాదనడానికి ఏముంది? కిటికీ పక్కన కుర్చీ వేశాం. చేయి అందించే పద్ధతి గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ పిల్ల సుద్ద గుర్తు మీద తొడుగులతో కూర్చుని ఉంది. కేంద్రం మూతపడకూడదనేమో, తల్లే పొద్దున తీసుకొచ్చి కూర్చోబెట్టి గుమ్మం బయట నిలబడింది. కుర్చీ జరిగిన అదురు నేలలోంచి పిల్ల కాళ్లకు తెలిసినట్టుంది, ముఖం ఎత్తింది. శానిటైజర్ ఘాటు వైపు తల తిప్పి, అరచేయి పైకి తెరిచి గాల్లో పట్టుకుంది. ఎవరు అని అడగడం అది. ఆరడుగుల దూరంలో బెన్ కదలలేదు.

అధికారి దరఖాస్తు మొదటి పేజీనుంచి చదవసాగారు. తొందర లేని మనిషి. మూడో పేజీ దగ్గర ఆగి, నా వాక్యం పైకి చదివి, కుర్చీల వైపు చూశారు.

"బాగుంది. ఇప్పుడు ఆమెకు ఏం నేర్పుతున్నారు?"

బెన్ నన్ను చూసింది. పిల్ల చేయి ఇంకా తెరిచే ఉంది. అది నెమ్మదిగా వంగి నోటివైపు వెళ్లడం మొదలుపెట్టేసరికి నేను లేచి నిలబడ్డాను. ధైర్యంతో లేచానని చెప్పను. ఇంక కూర్చోలేకపోయాను, అంతే.

నా హిందీ మామూలుగానే కుంటుతుంది, ఆరోజు పాకింది. ఆ వాక్యం అబద్ధమని, వేరే కాగితంలోంచి నేనే ఎత్తి రాశానని, ముట్టుకోకుండా ఇక్కడ ఏ పాఠమూ జరగదని చెప్పాను. ఆయన ఫైలు మూశారు.

"అబద్ధం ఉన్న దరఖాస్తు నేను పంపలేను. సంతకం ఎవరిది?"

"నాది," అన్నది బెన్.

"రాసింది నేను సార్."

"రాసినవాళ్లతో నాకు పనిలేదు. సంతకంతోనే పని."

ఈలోగా పిల్ల ఒక తొడుగును పళ్లతో లాగేసింది. బెన్ ఇక ఆగలేదు. మూల ఉన్న కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, సుద్ద గుర్తులు దాటి వెళ్లి, ఆ చేతి కింద తన చేయి పెట్టింది. వేళ్లు గబగబా కదిలాయి. పిల్ల భుజాలు కిందికి దిగాయి.

అధికారి చూస్తూ కూర్చున్నారు. ఏమంటోందని అడిగారు.

"ఎవరొచ్చారని అడుగుతోంది. మీరు వచ్చినప్పటినుంచీ అదే అడుగుతోంది. చూడటానికి ఒక పెద్దమనిషి వచ్చారని చెప్పాను. చూడటానికొస్తే చేయి ఎందుకివ్వలేదంటోంది."

"ఇవ్వలేను. మా నాన్నగారి సంగతి చెప్పండి."

బెన్ చెప్పింది. పిల్ల వేళ్లు కదిలాయి. బెన్ ఈసారి ఆయన్నీ నన్నూ కూడా చూడకుండా నేలకేసి చూసింది.

"అయితే ఎప్పుడు వెళ్తారని అడుగుతోంది."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఫైలు మళ్లీ తెరిచి ప్రశ్నలు మొదలుపెట్టారు. ఒక్కరే ఎంతమందిని ముట్టుకుంటారు, ఎవరికైనా జబ్బు చేస్తే ఏం చేస్తారు అని. ఒక్కొక్కరికి ఒక్కరే నేర్పుతారని, జతలు మారవని, ఏ ఇంట్లో దగ్గు వినిపించినా ఆ జత ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోతారని బెన్ చెప్పింది. ఆయన నా వైపు తిరిగారు.

"ఇంత పద్ధతి ఉంటే ఇది ఎందుకు రాయలేదు?"

"దీనికి పాత కాగితం దొరకలేదు సార్."

ఎగతాళి అనుకుంటారేమోనని భయపడ్డాను, కానీ అది నిజం. ఆయన ఆ పేరా కొట్టేసి ఉన్నదున్నట్టు ఇప్పుడే రాయమన్నారు, బెన్‌ను ఈ రోజు తేదీతో మళ్లీ సంతకం చేయమన్నారు. తాను చూసింది తాను రాస్తానని, కమిటీ ఒప్పుకుంటుందో విసిరికొడుతుందో తన చేతిలో లేదని చెప్పి మెట్ల మీదికి వెళ్లి నిలబడ్డారు.

అరపేజీ రాయడానికి నాకు గంట పట్టింది. నేను 'చేయబడుతుంది' అని రాసినప్పుడల్లా బెన్ ఎవరు చేస్తారని అడిగింది. అలా అడుగుతుంటే నా ముప్పై ఏళ్ల రాతలో ఏ పనీ ఎవరూ చేయలేదని తెలిసింది.

నెలాఖరు దాటింది. ఉత్తరం రాలేదు. ఇంటాయన తాళం వేశాడు. కుర్చీలు, చాపలు బెన్ వాళ్ల ఇంటి వసారాలోకి చేరాయి, ఆ పిల్ల గోడాదరా గదిలోకి చేరింది. నేను అటువైపు వెళ్లే పనులన్నీ మా ఆవిడకు అప్పగించాను. ఒకరోజు తల్లి ఫోన్ చేసి కాయితం వచ్చిందా సారూ అని అడిగింది. రాలేదన్నాను.

"మల్ల కొర్కుతంది," అన్నది. ఫోన్ పెట్టేసింది.

ఆ వారమంతా, ఆ గంటసేపు నోరు మూసుకుని ఉంటే పోయేది కదా అనుకున్నాను. నిజం చెప్పినందుకు మనసు తేలికైంది అని పుస్తకాల్లో రాస్తారు. నాకైతే ఆ పుస్తకం దొరకలేదు.

దసరాకు కొద్దిరోజుల ముందు బెన్ ఫోన్ చేసింది. మూలనిధి మంజూరైంది. దరఖాస్తు రాతలో నిర్లక్ష్యం గురించి ఉత్తరంలో ఒక వాక్యం ఉందట. ఆమె చదవబోతే, అది నా సొంత ఆస్తి, తీరిగ్గా నేనే చదువుకుంటానన్నాను. ఉత్తరం చూసి ఇంటాయన తాళం తీశాడట.

ఆటో దొరక్క గోడాదరాకు నడిచే వెళ్లాను. తల్లి గడప దగ్గర ఎర్ర చీర పరుచుకుని రాళ్లు అంటిస్తోంది. లోపల గోడకానుకుని పిల్ల, మణికట్టుకు గుడ్డ. చెప్పాను. తల్లి చేతిలోని రాయిని దాని చోట అంటించి, అది ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకుంది.

"ఎప్పటిసంది సారూ?"

"రేపటినుంచి."

ఆమె లేచి కూతురి ముందు కూర్చుంది. చేయి పట్టుకుని ఏదో చెప్పబోయి ఆగింది. నా వైపు చూసింది. నాకూ ఆ మాట రాదు. ఆమె వెనక్కి వంగి తలుపు పక్కనున్న చెప్పులు తీసి పిల్ల ఒళ్లో పెట్టింది.

పిల్ల వాటిని తడిమింది. పట్టీలు, మడమలు, అంతా. గోడ పట్టుకుని లేచి, తొడుక్కుని గుమ్మం దాకా వచ్చేసింది. అప్పటికి సాయంత్రం ఐదు దాటింది. తల్లి తన నడుము పట్టుకుని ఆపుతుంటే, పిల్ల ఆ చేతుల్ని విడిపించుకుంటోంది.

"ఇప్పుడు గాదే, పొద్దుగాల, పొద్దుగాల పోదాం," అంటోంది తల్లి, వినిపించదని తెలిసి కూడా. పిల్ల ఒక కాలు అప్పటికే మొదటి మెట్టు మీద పెట్టింది.