హాజరు మెసేజీకి తరలివచ్చిన పెళ్లిజనం

ఒక్క బటన్ నొక్కి రెండు జిల్లాల తల్లిదండ్రులను ఒకే మధ్యాహ్నం కాలేజీ గేటు ముందుకు రప్పించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇప్పుడు మీరు చదువుతున్నది ఆవిడ రాతే.

అప్పుడు నేను ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం, కంప్యూటర్ బ్రాంచి. కంప్యూటరు కనిపెట్టింది మా తాతేనన్నంత పొగరు. ప్రాజెక్టుగా హాజరు సాఫ్ట్‌వేర్ తయారుచేశాను. క్లాసుకు రాని పిల్లల ఇంటికి అదే మెసేజీ పంపుతుంది. సార్లకు చూపించే ముందు ఓసారి నడిపి చూద్దామనుకున్నాను.

మా భావనపాడు నుంచే వచ్చే గౌరి నా పక్కనే కూర్చునేది. "దొంగ నంబర్లు పెట్టీసి సూడొచ్చు కదే?" అంది.

"దొంగ నంబర్లు పెడితే దొంగ ప్రాజెక్టు అవుతాది," అని క్లాసువాళ్ల ఇళ్ల నంబర్లన్నీ ఎక్కించి బటన్ నొక్కాను.

ఆ రోజు హాజరు ఎక్కించడం మరిచిపోయాను. దాంతో నా సాఫ్ట్‌వేర్ లెక్కలో క్లాసుకు ఎవరూ రానట్టే! 'మీ బిడ్డ ఈ రోజు కాలేజీకి రాలేదు' అని అందరి ఇళ్లకూ కొట్టింది. ఒకసారి కొట్టి ఊరుకుందా? కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త ప్రోగ్రాము ఆగడమెరగదు. వైరు పీకేదాకా కొడుతూనే ఉంది.

భోజనాల వేళకి గేటు దగ్గర పెళ్లిజనం! పొందూరు నుంచి ఒకాయన సగం గీసిన గడ్డంతోనే వచ్చేశాడు. "మా గుంట ఏదండీ?" అని కేక.

"ఇక్కడే ఉన్నాను కద నాన్నా!"

"నువ్వు నోర్ముయ్యే! నువ్వు రాలేదని కంప్యూటరే సెప్తన్నాది!"

హెడ్డు సారు నన్ను గేటు దగ్గరికే పిలిపించారు. "ఇదేనా తల్లీ నీ ప్రాజెక్టు?"

"బాగా పనిచేస్తోంది సార్," నోరు జారింది.

అంతలో ఆ గుంపును చీల్చుకుంటూ మా అమ్మ! వెనకే గౌరి వాళ్లమ్మ. అసలు అమ్మ రావాల్సిన పనే లేదు. ఎందుకంటే, అమ్మ సంగతి తెలిసి ఆవిడ నంబరు ఒక్కటే నేను ఎక్కించలేదు.

"నీకు మెసేజీ రాలేదు కదే అమ్మా, ఎందుకొచ్చినావు?"

"రానేదనే వచ్చినాను! గౌరికి వచ్చినాది, అందరి పిల్లలకీ వచ్చినాది. నీకెందుకు రాలేదు? ఈ కాలేజీలో నీ పేరే లేదేటి? ఇన్నాళ్లూ బస్సెక్కి ఎక్కడికెల్తన్నావే, సెప్పు!"

గేటు దగ్గర ఒక్కసారిగా అందరూ నావైపే చూశారు. సారు నవ్వాపుకుంటూ, "ఉందమ్మా, మీ అమ్మాయి మా దగ్గరే చదువుతోంది. మా ఖర్మ," అన్నారు.

ఆ సాయంత్రమే కీబోర్డు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: బతికున్న మనుషుల నంబర్లతో ఇంకెన్నడూ పరీక్షలు చెయ్యను. తప్పనిసరై చెయ్యాల్సివస్తే, మొట్టమొదట అమ్మ నంబరే ఎక్కిస్తాను.